ముందుగాల ప్లగ్గు, తర్వాత ఏడుపు

"మేడం, సేటు పోయిండు" అని ట్రాలీ ఆటో నడిపే యాదగిరి పొద్దున్నే ఫోన్ చేశాడు. నేను అయ్యో అనేలోపే "మరి డబ్బ ఎవలు పెట్టాలె?" అని అడిగాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మనిషి పోయిన మాట చెప్పి నిమిషం కాలేదు, అప్పుడే డబ్బా గొడవ ఏమిటనిపించింది. తర్వాత ఆలోచిస్తే వాడు అడిగింది న్యాయమే. చేవెళ్లలో గాని, చుట్టుపక్కల ఊళ్లలో గాని ఎవరు పోయినా ఆ డబ్బా తెచ్చి పెట్టేది ఆయనే. ఇప్పుడు ఆయనకు పెట్టేవాళ్లు కావాలి.

డబ్బా అంటే శవాన్ని చెడిపోకుండా ఉంచే ఫ్రీజరు. పైన అద్దం మూత, కింద మిషను. అది మా సేవా క్లబ్బుది. మా క్లబ్బు కంటి క్యాంపులు పెడుతుంది, ఎండాకాలం చలివేంద్రాలు పెడుతుంది, బడిపిల్లలకు నోటు పుస్తకాలు పంచుతుంది. అన్నిటికీ ఫొటోలున్నాయి. డబ్బా దగ్గర మాత్రం ఎవరూ ఫొటో దిగరు. అయినా జనం మా క్లబ్బును గుర్తుపట్టేది దాంతోనే. "ఆ డబ్బ ఇస్తరు సూడు, వాళ్లు" అంటారు.

ఆయన మా సెక్రటరీ. పదవి ఏడాదికే అని నిబంధనల పుస్తకంలో ఉంది. నేను చేరినప్పటికే ఆయన సెక్రటరీ, మొన్న పోయేదాకా ఆయనే. ప్రెసిడెంట్లు మెడలో పదవి పట్టీ వేసుకొని, మీటింగు గంట కొట్టి, ఏడాది తిరగ్గానే దిగిపోయేవారు. బస్టాండు వెనక రోడ్డులో ఆయనకు కిరాణా దుకాణం ఉండేది. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ సేటే. వెనకాల డబ్బా సేటు. ఆ మాట ఆయన చెవిన పడకపోయి ఉంటుందని నేననుకోను.

ఆయన్ను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది తడి తల. ఏ మీటింగుకు వచ్చినా తల తడిగానే ఉండేది. చావు ఇంటికి పోయి వచ్చినవాడు స్నానం చేయకుండా గడప దాటకూడదు కదా. డబ్బా పెట్టి వచ్చినప్పుడు ఒక స్నానం, తిరిగి తెచ్చుకున్నప్పుడు ఇంకో స్నానం. దుకాణం పక్క సందులో నల్లా దగ్గర ఆయన నిలబడితే భార్య బకెట్టుతో నీళ్లు గుమ్మరించేది. మాఘమాసపు చలిలోనూ చన్నీళ్లే. అందుకని ఆయనకు పన్నెండు నెలలూ జలుబే. మైకు పట్టుకొని ఏదో మంచి కార్యక్రమం మొదలుపెడుతున్నామని చెబుతూ చెబుతూ గట్టిగా తుమ్మేవాడు. ముందు వరుసలో పెద్దమనుషులు మొహాలు చూసుకునేవారు. "జలుబు తుమ్ముకు శకునం లేదు, ఫికర్ చెయ్యకుండ్రి" అని సాగిపోయేవాడు.

ఫోన్ మోగితే ఎవరు పోయారు, ఎట్లా పోయారు అని అడిగేవాడు కాదు. "ఇంట్ల పెద్ద ప్లగ్గు ఎక్కడున్నది?" అని అడిగేవాడు. డబ్బా మిషనుకు చిన్న ప్లగ్గు చాలదు. అవతలివాళ్లు ఏడుస్తూనే గోడలు వెతికేవారు. ఒకసారి నేను ఆయన పక్కనే కూర్చుని ఉండగా ఇట్లాంటి ఫోనే వచ్చింది. పెట్టేశాక, కాస్త మెత్తగా మాట్లాడొచ్చు కదా అన్నాను. బడిలో పంతులమ్మను, చెప్పకుండా ఉండలేను.

"మెత్తగ మాట్లాడెతందుకు సుట్టాలున్నరు మేడం" అన్నాడు. "ముందుగాల ప్లగ్గు, తర్వాత ఏడుపు. ఏడ్చుకుంట కూసుంటె గీ ఎండలకు ఏమైతదో మీకు తెల్వదు."

ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో. క్లబ్బులో మేమంతా దాన్ని హాస్యానికి వాడుకునేవాళ్లం. సమోసాలు ఆలస్యమైతే ముందుగాల ప్లగ్గు అనేవాళ్లం. ఆయన కూడా నవ్వేవాడు.

చందాలు పోగుచేయడంలో ఆయన పద్ధతి వేరు. ఎవరినీ అడిగేవాడు కాదు. సభ నిండుగా ఉన్నప్పుడు మైకు అందుకొని, "మన పటేలు గారు బడికి బెంచీలు ఇస్తమని ఒప్పుకున్నరు, గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి" అనేవాడు. ఒప్పుకున్న సంగతి పటేలుకు కూడా అప్పుడే తెలిసేది. చప్పట్లు పడ్డాక లేచి లేదనడానికి ఎవరికి నోరొస్తుంది? నన్ను ప్రెసిడెంటును చేసిందీ అట్లాగే. నోటి నిండా సమోసా ఉంది. "వచ్చే ఏడు మన టీచర్ మేడం" అని వినబడింది. నమిలి మింగేసరికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆ రోజు ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇప్పుడు రాసినా ఎవరూ నమ్మరు.

ఆ వల ఒకసారి ఆయన మీదే పడిందని పాతవాళ్లు చెప్పారు. ముడిమ్యాల పటేలు ఒకాయన, తన తండ్రి ఎండాకాలంలో పోతే, సిటీ నుంచి ఫ్రీజరు తెప్పించడానికి నానా యాతన పడ్డాడట. ఆ ఏడు క్లబ్బు సభలో సేటు ఎప్పటిలాగే "పటేలు గారు మనకొక ఫ్రీజర్ డబ్బ ఇస్తున్నరు" అనేశాడు. పటేలు రాజకీయాల్లో తిరిగిన మనిషి. లేచి మైకు తీసుకొని, "ఇస్త. కాని ఒక్క మాట. డబ్బ సెక్రటరీ కాడనే ఉండాలె. సెక్రటరీయే తీస్కపోవాలె, ఆయనే తేవాలె. కొట్టుండ్రి చప్పట్లు" అన్నాడట. హాలు దద్దరిల్లిందట. అంతే. డబ్బా ఆయన గోడౌనులోకి వచ్చి కూర్చుంది.

దాంతో ఆయన పోగొట్టుకున్నది ఏమిటో నాకు చాలా రోజులు తెలియలేదు. మా దిక్కు పెళ్లి సామాను చీటీ రాసేటప్పుడు మొదట పసుపు కొమ్ములు రాస్తారు. ఆ చీటీ మంచి ఘడియ చూసుకొని దుకాణానికి తెస్తారు. ఒకప్పుడు ఆ చీటీలు ఎక్కువగా ఆయన దుకాణానికే వచ్చేవి. డబ్బా వచ్చాక ఒక్కొక్కరే తగ్గారు. పప్పు, ఉప్పు ఎప్పటిలాగే కొనేవారు, పసుపు కొమ్ముల చీటీ మాత్రం పక్క దుకాణానికి పోయేది. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. అందరూ ఆయన్ను దేవుడనే అన్నారు. ఆయన కూడా దారిలో పెళ్లి బ్యాండు వినబడితే దుకాణంలో లోపలికి జరిగి కూర్చునేవాడు. ఊరు వదిలి రెండు రోజులు పోవడానికి కూడా లేదు, ఎక్కడ ఎవరికి అవసరం పడుతుందోనని. దేవుడికైనా పగలు కాసేపు గుడి మూస్తారు.

పిల్లల్లేరు. చెల్లెలిని శంకర్‌పల్లిలో ఇచ్చారు. ఆ చెల్లెలి బిడ్డే ఆయనకు బిడ్డ. దాని చదువు సంగతి, దాని జ్వరం సంగతి, దానికి వచ్చిన ర్యాంకు సంగతి మీటింగుల్లో మేం వినలేక చచ్చేవాళ్లం. నేను ప్రెసిడెంటుగా ఉన్న ఏడే దానికి పెళ్లి కుదిరింది. ఆ నెల మీటింగుకు ఆయన వచ్చి, మైకు తీసుకోకుండా, తన కుర్చీ దగ్గరే నిలబడ్డాడు.

"పిల్లను గంపల కూసోవెట్టి మండపం దాక తెచ్చేది మేనమామ గద. నేనొక్కణ్నే మేనమామను" అన్నాడు. "మా చెల్లె అత్తగారు ఒప్పుకుంటలేరు. శవాల డబ్బ ముట్టుకునే చెయ్యి పిల్లను ఎత్తుకునుడేంది అన్నరంట. ఆఖరికి ఒక మాటకు వచ్చిన్రు. పెండ్లి దాక నెల దినాలు డబ్బ ముట్టకుంటె సాలు అన్నరు. జర ఎవలన్న ఈ నెల రోజులు తాళంచెవి తీసుకోండ్రి. నేను ఇన్నేండ్లల్ల ఏమడగలే."

ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. ఒకాయన వాస్తు ప్రకారం ఇల్లు కడుతున్నాడు. ఒకాయన భార్య నోములో ఉంది. ఇంకొకాయన, "తీర్మానం చేద్దాం, తలా ఒక వారం" అన్నాడు. మొదటి వారం ఎవరిది అంటే ఫోన్ చూసుకున్నాడు. నా మనసులో ఉన్నదీ అట్లాంటి సాకే. ఇద్దరు ఆడపిల్లలున్న ఇల్లు, పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం. ఎవరైనా తీసుకుంటే బాగుండునని చూస్తూ కూర్చున్నాను. కాని అందరూ ప్రెసిడెంటు కుర్చీ వైపే చూస్తున్నారు. నేను చేయి చాపాను. మంచితనంతో కాదు, సిగ్గుతో. చప్పట్లు కొట్టారు.

మరుసటి రోజు గోడౌనులో నాకు పాఠం చెప్పాడు. డబ్బా వంకర లేకుండా పెట్టాలి. శవాన్ని పడుకోబెట్టడానికి అరగంట ముందే స్విచ్చు వేయాలి. ఇంట్లో పెద్ద ప్లగ్గు ఒకటే ఉండి అది ఫ్రిడ్జిదైతే మొహమాటపడకుండా ఫ్రిడ్జి పీకేయాలి. ఆయన ముట్టకుండా దూరంగా నిలబడి, చూపుడు వేలితో చూపిస్తుంటే నేను ముట్టి నేర్చుకున్నాను.

"ఆడోళ్లు అద్దం మీద పడి ఏడుస్తరు. వద్దనకుండ్రి" అన్నాడు. "అద్దం మరకలైతది, మనం తుడుచుకుందాం. లోపలున్న మనిషి మొఖం వాళ్లకు కనవడాలె, అంతే."

ఆ నెలలో ఆయన కొత్త మనిషిలా ఉండేవాడు. తలకు నూనె రాసి పాపిట తీసి దువ్వుకునేవాడు. జలుబు పోయింది. నేను రెండిళ్లకు పోయాను. మొదటి ఇంట్లో గేటు బయటే నిలబడి పని అంతా యాదగిరితో చేయించాను. రెండోసారి లోపలికి పోయాను. ఇంటికి వచ్చి స్నానం చేస్తుంటే నా పిల్లలిద్దరూ దూరం నిలబడి చూశారు. రోజులు లెక్కపెట్టుకున్నాను.

పెళ్లి రేపనగా ఆ మధ్యాహ్నం మా పెద్దమ్మాయిని చూడడానికి తాండూరు నుంచి వచ్చారు. వాళ్ల కారు వీధి మలుపు తిరగగానే నేను ఫోన్ ఆపేశాను. పిలుపు వస్తుందేమో, వాళ్ల ముందు శవమని, డబ్బా అని మాట్లాడాల్సి వస్తుందేమో అని భయం. రెండు గంటలే కదా అనుకున్నాను. ఇది ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పలేదు.

మిర్చి బజ్జీలు పెట్టి మంచినీళ్లు ఇస్తుండగా కిటికీలోంచి గేటు దగ్గర ఆయన కనిపించాడు. ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, మొహం ఎర్రబడింది. గడియ మీద చేయి వేశాడు. గుమ్మం ముందు వరసగా విడిచిన కొత్త చెప్పులు, బయట కారు చూశాడు. చేయి తీసేశాడు. తల ఎత్తి కిటికీ వైపు చూసినట్టే ఉంది, నన్ను చూశాడో లేదో తెలియదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను బయటికి పోలేదు. చేతిలో నీళ్ల గ్లాసుల పళ్లెం ఉంది, దాన్ని పట్టుకొని అక్కడే నిలబడ్డాను. కాబోయే వియ్యపురాలు ఏదో అడిగితే నవ్వాను కూడా.

మిగతాది యాదగిరి చెప్పాడు. ముడిమ్యాలలో ఒక కూలి ఇంటి తల్లి పోయింది. షోలాపూర్‌లో ఉన్న బిడ్డ బయలుదేరింది, చేరేసరికి రాత్రి దాటుతుంది. ఎండ మండిపోతోంది. నా ఫోన్ పలకక వాళ్లు సేటు ఇంటికి పోయారు. ఆయన మా గేటు దాకా వచ్చి వెళ్లాక, దుకాణంలోంచి సుత్తె తీసుకొని తన గోడౌను తాళం తనే పగలగొట్టాడట. "నేను పెడ్త సేటు, నువ్వు రాకు" అని యాదగిరి అన్నాడట. ఆ ఇంట్లో పెద్ద ప్లగ్గే లేదు, స్తంభం దగ్గరి బోర్డు నుంచి వైరు లాగాలి. అది యాదగిరికి రాదు.

మొయినాబాద్ రోడ్డులో ఫంక్షన్ హాలులో పెళ్లి. నేను కాళ్లీడ్చుకుంటూ పోయాను. ఆయన లోపల లేడు. బయట కార్లు నిలిపే చోట, ఎవరి బండి ఎక్కడ పెట్టాలో చూపిస్తూ నిలబడ్డాడు. పట్టు పంచె, కొత్త అంగీ, తడి తల. నన్ను చూసి ఆయనే ముందు పలకరించాడు.

"అన్నం తిన్నరా మేడం?"

"అన్నా, నిన్న నేను..." అన్నాను.

"పోనీండ్రి. షోలాపూర్ బిడ్డ అందుకున్నది. తల్లి మొఖం సూసుకున్నది."

"మీరు ముట్టిన సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు? ఎవరు చెప్పారు వీళ్లకు?"

"నేనే చెప్పిన, మా చెల్లెకు ఫోన్ చేసి."

నాకు ఒళ్లు మండింది. నా తప్పు కప్పుకోవడానికి ఆయన మీద మండింది కావచ్చు. "ఎందుకు చెప్పారన్నా? చెప్పకపోతే హాయిగా ఎత్తుకునేవాళ్లు కదా" అన్నాను.

ఆయన ఒక బండికి చేయి ఊపి దారి చూపించాడు. "పిల్ల కాపురం మేడం. రేపు ఏదన్న చిన్న కష్టమొచ్చినా నా చెయ్యే గుర్తొస్తది. వాళ్లకు కాదు, నాకు" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. ఊరు నమ్మినదే ఆయనా నమ్మాడు. అన్ని శవాలకు దగ్గరుండి కూడా తన చెయ్యి మంచిది కాదనే అనుకున్నాడు. మేమెవరమూ ఆయనకు కాదని చెప్పలేదు. దేవుడివని చెప్పాం, పసుపు కొమ్ముల చీటీ మాత్రం ఇవ్వలేదు.

లోపల బాజా మోగింది. పెద్ద తలుపుల్లోంచి గంప కనిపించింది. వరసకు మేనమామ అయ్యే ఒకాయన ఎత్తుకున్నాడు, ఇంకొకరు పట్టుకున్నారు. సేటు మునివేళ్ల మీద లేచి చూశాడు. గడప లోపలికి ఒక్క అడుగు వేయలేదు. నా వైపు తిరిగి, "ఆయన మోకాళ్లు మంచిగ లెవ్వు మేడం. జర మెల్లగ నడువుమని చెప్పి రాండ్రి" అన్నాడు. నేను చెప్పడానికి పరుగెత్తాను. నేను చేరేసరికి పిల్లను మండపంలో దించేశారు.

తర్వాతి మీటింగులో, "నెల నిండకముందే డబ్బ మళ్ల మీరెందుకు పట్టుకున్నరు సేటూ?" అని ఎవరో అడిగారు. "మేడం ఊర్ల లేకుండె" అన్నాడు. ఆ అబద్ధం నా మెడకు చుట్టుకుంది. లేదు, ఇంట్లోనే ఉన్నానంటే మా అమ్మాయి సంబంధం సంగతి రావాలి. ఊరుకుంటే ఆ మాటే నిలుస్తుంది. ఊరుకున్నాను. తాళంచెవి తిరిగి ఇవ్వబోతే, "గోడౌన్‌కు కొత్త తాళం వేసిన, మీ కాడిది ఇగ పనికిరాదు" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ నన్ను అడగలేదు. ఎవరినీ అడగలేదు.

ఆ తాండూరు సంబంధమే కుదిరింది. మా అల్లుడు మంచివాడు. పెళ్లికి ఆయన్ను పిలిచాను. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ అయిపోయాక వచ్చాడు, చివరి పంక్తిలో తిన్నాడు. అక్షింతలు వేయడానికి రమ్మని నేను అనలేదు. ఆయన ఆశపడినట్టు కూడా కనిపించలేదు. దానికే నాకు ఎక్కువ సిగ్గేసింది.

మొన్న ఆయన ఇంటికి పోయేసరికి జనం నిండి ఉన్నారు. క్లబ్బువాళ్లు పూలదండలు పట్టుకొని నిలబడ్డారు. డబ్బా వసారాలో దించి ఉంది, చుట్టూ చూస్తున్నారు గాని ఎవరూ ముట్టడం లేదు. యాదగిరి నా మొహం చూశాడు. నేను వంటింట్లోకి పోయి ఫ్రిడ్జి ప్లగ్గు పీకాను. డబ్బాను గదిలోకి జరిపించి సమానంగా పెట్టించి, స్విచ్చు వేసి, పక్కనే అరగంట కూర్చున్నాను. ఏడవలేదు. ఆయన్ను లోపల పడుకోబెట్టాక మాత్రం ఆగలేకపోయాను. చెల్లెలి బిడ్డ పిల్లవాణ్ణి చంకన వేసుకొని వచ్చి, "మామా" అని అద్దం మీద పడిపోయింది.

ఆయన భార్య నన్ను వెనక సందులోకి పిలిచింది. ఇన్నేళ్లలో ఆమెతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటానేమో.

"ఆ దినం మీ ఇంటికి వచ్చిండు గద టీచరమ్మ" అంది. "చెప్పులు చూసి ఎనకకు మళ్లి వచ్చిన అన్నడు. ఆడివిల్ల ఉన్న ఇల్లు, శుభం కాడ మనం పిలువొద్దు అన్నడు. ఎవలకు చెప్పకు అన్నడు. నేను చెప్పలే."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒకటి అనుకొని బయటపడేదాన్ని.

"రేపు ఆయనను తీస్కపోయినంక ఆ డబ్బ మళ్ల నా గోడౌన్ల పెట్టకుండ్రి. ఇన్నేండ్లు నీళ్లు పోసిన. ఇగ నాతోని కాదు" అంది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. "ఈ తాళం గుడ తీసుకపోండ్రి, గట్టిది. ఎవలకియ్యాలె అని యాదగిరి అడిగిండు. టీచరమ్మకు ఇస్త అన్న. మీకైతె ఎట్ల పెట్టాల్నో ఆయన నేర్పిండు గద."

మా చిన్నదానికి సంబంధాలు చూస్తున్నాం వదినా. ఆ మాట నాలుక చివర ఉంది. అబద్ధం కూడా కాదు. నెలాఖరుకు వికారాబాద్ నుంచి వస్తామన్నారు. ఆమె చేయి చాపి నిలబడింది. లోపల చెల్లెలి బిడ్డ ఏడుపు వినబడుతోంది.

తాళంచెవి తీసుకున్నాను. ఆయన పదో రోజు కూడా అయిపోయింది. డబ్బా మా కారు షెడ్డులో, పాత దుప్పటి కింద ఉంది. దుప్పటి కింద ఏముందని మా చిన్నమ్మాయి రోజూ అడుగుతోంది. ఇంకా చెప్పలేదు.